విపత్కాలంలో సంకీర్తనము

(సప్తాహ ప్రారంభ సభలో, గోదావరీ తీరాన చేసిన ప్రసంగ పాఠము)

  

ఈ ఆలయంలో కొలువుదీరిన స్వామివారి పాదపద్మాలకు ముందుగా నమస్కరిస్తున్నాను. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నామం తెగకుండా నిలబెట్టాలని కంకణం కట్టుకున్న మీ అందరికీ నా శుభాశీస్సులు. నడుమ అఖండదీపం వెలుగుతున్నది. చుట్టూ చిడతలు, తాళాలు, మృదంగము, హార్మణీ సిద్ధంగా ఉన్నవి. పొరుగూళ్ళ భజన బృందాలు తమ తమ వంతు కోసం మండపంలో వేచి ఉన్నవి. ఈ దృశ్యం మనకు చిన్ననాటి నుండి అలవాటైనదే. అలవాటైనది గనుకనే దాని విలువ మన కంటికి ఆనదు. ఉన్నదాని విలువ అది లేనినాడే తెలుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ దృశ్యం లేని రోజులు మనం చూశాము. 2020, 2021 సంవత్సరాలలో కరోనా మహమ్మారి లోకాన్ని చుట్టుముట్టినప్పుడు రామాలయాల అరుగులు బోసిపోయినవి. చిడతలు గూటిలో దుమ్ముపట్టినవి. పదిమంది కూడితే ప్రమాదమని వైద్యులు చెప్పిన కాలమది. పదిమందీ కూడితే తప్ప జరగనిది భజన. మరి ఆ రోజులలో సంకీర్తనం ఏమైనది? మనుషులు దూరమైనప్పుడు పాట వారిని ఎట్లా కలిపినది? ఆ కలయిక వలన ఏ ఫలం కలిగినది? నేటి ప్రసంగంలో ఈ మూడు ప్రశ్నలను విచారించుకుందాము.

నాదము - సంఘము

మన ధర్మంలో సంగీతం వినోదం కొరకు పుట్టినది కాదు. నాలుగు వేదాలలో సామవేదం గానరూపమైనది. గీతలో విభూతులను చెప్పుతూ భగవానుడు వేదాలలో తాను సామవేదమని అర్జునునికి తెలిపినాడు. ఆదికావ్యమైన రామాయణం సైతం మొదట వ్రాతగా గాక పాటగానే లోకానికి అందినది. వాల్మీకి మహర్షి దానిని కుశలవులకు నేర్పగా, ఆ బాలురు వీణాతంత్రులకు శ్రుతి కలిపి ఋషుల ఎదుట, పురవీధులలో, చివరకు తమ తండ్రి కొలువులోనే గానం చేసినారు. తండ్రి బిడ్డలను గుర్తించడానికి ఆ గానమే దారి చూపినది. విడిపోయిన వారిని కలిపే గుణం రామాయణ గానానికి పుట్టుకతోనే ఉన్నదన్నమాట.

ఇక ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది భక్తిమార్గాలను జ్ఞాపకం చేసుకోండి. వాటిలో మొదటిది శ్రవణము, రెండవది కీర్తనము. ఈ వరుసలో ఒక రహస్యమున్నది. పాడడం కంటె ముందు వినడం చెప్పబడినది. పదిమంది కలిసి పాడేటప్పుడు ఎవని గొంతు వాడు పెంచుకుంటే అది కీర్తనం కాదు, కోలాహలం అవుతుంది. ప్రక్కవాని శ్రుతి విని, తన శ్రుతిని దానికి సరిచేసుకున్నవాడే భజనలో నిలుస్తాడు. ఒకరినొకరు వినగల జనసమూహమే సంఘము. అందుచేతనే మన ఊళ్ళలో భజన సమాజం అన్నారు.

గోదావరి సీమ సంప్రదాయము

ఈ డెల్టా భూములకు, పాటకు ఉన్న సంబంధం ఈనాటిది కాదు. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొరగారు ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారించినారు. నీరు నిలకడగా అందిన చోట పంట నిలిచినది. పంట నిలిచిన చోట గుడి, గుడి ఉన్న చోట మేళము, హరికథ, భజన వర్ధిల్లినవి. రాజోలు సీమలోని శంకరగుప్తంలో 1930 జూలై 6న జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఈ సీమ గాలి పీల్చి లోకమంతా వెలుగొందినారు. కపిలేశ్వరపురంలో 1973లో నెలకొన్న శ్రీ సర్వరాయ హరికథా పాఠశాల ఎందరో బాలికల చేత గజ్జె కట్టించి హరికథకు ప్రాణం పోసినది.

మరొక విషయం. దూరాన ఉండి కలిసి వినడం మనకు క్రొత్త కాదు. 1948లో విజయవాడలో ఆకాశవాణి కేంద్రం వెలసినది. ఆ తరువాతి కాలంలో బాలమురళీకృష్ణగారు అక్కడ భక్తిరంజని కార్యక్రమానికి రూపం దిద్దినారు. తెల్లవారుజామున కల్లాపి చల్లే ఇల్లాలు, పశువులకు మేత వేసే రైతు, కాఫీ హోటలు ముందు నిలబడిన బండివాడు, ఎవరి చోట వారు అదే పాట విన్నారు. ఒకరినొకరు చూడలేదు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా ఆ పావుగంట సేపు వారందరి మనస్సు ఒక్క చోటనే ఉన్నది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు మనకు పనికివస్తుంది.

పూర్వం గత్తర, మశూచికం ఊళ్ళమీద పడినప్పుడు మన పెద్దలు ఏమి చేసేవారు? గ్రామదేవతకు గరగలెత్తి డప్పులతో ఊరేగించేవారు. వీధులవెంట నామసంకీర్తనం సాగించేవారు. అమ్మవారు పోసిన ఇంటి గడపకు వేపమండలు కట్టేవారు. ఆ మండ చూసినవాడు లోపలికి పోడు. భక్తితోపాటు ఎడంగా మసలుకునే జాగ్రత్త కూడా వారికి తెలుసు. ఆ మశూచికం తుదకు టీకా చేత తొలగిపోయినది. 1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని భూమిమీద లేకుండా చేశామని ప్రకటించినది. వైద్యుని నారాయణ స్వరూపంగా భావించమన్న ధర్మం మనది. క్షీరసాగర మథనంలో అమృతకలశం పట్టుకొని వచ్చిన ధన్వంతరి విష్ణ్వంశయే గదా! కనుక పాట మందుకు బదులు అని ఎవరైనా అంటే అది భక్తి కాదు, అవివేకమని ముందే మనవి చేస్తున్నాను.

లోకం మూగవోయిన రోజులు

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వ్యాధిని మహమ్మారిగా పేర్కొన్నది. అప్పటికే ఇటలీ దేశంలో జనం ఇళ్ళకే పరిమితమైనారు. సియెనా అనే పాత పట్టణంలో చీకటి పడిన వేళ ఒక కిటికీలోనుండి ఒకరు తమ ఊరి పాట ఎత్తుకోగా, వీధి పొడవునా కిటికీలన్నీ బదులు పలికినవి. మార్చి 13 సాయంకాలం నుండి ఆ దేశంలో ఊరూరా బాల్కనీలలో జనం పాటలు పాడినారు, వాద్యాలు వాయించినారు. ఏప్రిల్ 12న, వారి ఈస్టరు పండుగనాడు, ఆండ్రియా బొచెల్లి అనే అంధ గాయకుడు మిలాన్ నగరపు మహాదేవాలయంలో నిలబడి పాడినాడు. ఎదురుగా శ్రోతలు లేరు. ఖాళీ బల్లలు మాత్రమే ఉన్నవి. లోకమంతా తమ తమ ఇళ్ళలో కూర్చొని విన్నది.

మన దేశంలో మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. సాయంత్రం 5 గంటలకు వైద్యులకు, నర్సులకు, పారిశుద్ధ్య కార్మికులకు కృతజ్ఞతగా ఇళ్ళ ముంగిళ్ళలో చప్పట్లు, గంటలు, పళ్ళాలు మ్రోగినవి. మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ వచ్చినది. తిరుమలలో మార్చి 20 నుండే భక్తులకు దర్శనం నిలిచిపోయినది. స్వామివారి నిత్యకైంకర్యాలు మాత్రం ఏకాంతంగా సాగినవి.

ఏప్రిల్ 2 శ్రీరామనవమి. గోదావరి ఒడ్డున భద్రాచలంలో సీతారామ కళ్యాణం అంటే లక్షల కన్నులకు పండుగ. ఆ సంవత్సరం ఆ కళ్యాణం ఆలయ ప్రాంగణంలోనే, భక్తులు లేకుండా, కొద్దిమంది అర్చకుల నడుమ జరిగినది. మరుసటి ఏడు కూడా అంతే. మంగళవాద్యం మ్రోగినప్పుడు అక్షతలు చల్లవలసిన చేతులు అక్కడ లేవు. కానీ ఎన్నో ఇళ్ళలో గృహిణులు టెలివిజన్ ముందు పీట వేసి, పానకం, వడపప్పు నైవేద్యం పెట్టి, మాంగల్యధారణ సమయానికి లేచి నిలబడి అక్షతలు చల్లినారు. మేళం భద్రాద్రిలో మ్రోగితే తలంబ్రాలు ఇంటింటా పడినవి. పెళ్ళిపందిరి ఊరూరా విస్తరించినదని నేనంటాను.

అశోకవనంలో వినబడిన గొంతు

ఆ సంవత్సరం తిరుమల నాదనీరాజన వేదికమీద సుందరకాండ పారాయణం మొదలుపెట్టి ఏడాదికి పైగా నడిపినారు. శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ ద్వారా ఇళ్ళలో ఉన్నవారు పుస్తకం పట్టుకొని పండితులతోపాటు శ్లోకం శ్లోకం పలికినారు. రామాయణంలో ఏడు కాండలుండగా ఆ కాలానికి సుందరకాండే ఎందుకు తగినది? కష్టాలు తొలగడానికి సుందరకాండ అన్నది మనందరికీ తెలిసినదే. మరొక కారణం కూడా చూడండి.

అశోకవనంలో సీతమ్మ ఒంటరిగా ఉన్నది. తనవారు ఎవరూ దరి చేరలేరు. చుట్టూ రాక్షస స్త్రీలు, మనస్సులో మరణభయం. బ్రతుకుమీద ఆశ వదులుకొని, తన జడతోనే ప్రాణం తీసుకోవాలన్న నిశ్చయానికి వచ్చినది. శింశుపా వృక్షంమీద ఆకుల చాటున హనుమ ఉన్నాడు. ఆయన వెంటనే దిగి దగ్గరకు పోలేదు. దగ్గరకు పోతే ఆ తల్లి భయపడుతుంది, కార్యం చెడుతుంది. ఆలోచించి, ఉన్నచోటనే ఉండి, ఆమెకు మాత్రమే వినబడేటట్లు మధురంగా రామకథ వినిపించినాడు. కనబడని గొంతు, దూరాన ఉన్న గొంతు. ఆ గొంతు చెవిని పడగానే ఆమె ప్రాణం నిలిచినది.

గమనించండి! మందు తరువాత వచ్చినది. ఉంగరం తరువాత వచ్చినది. వానరసేన ఇంకా తరువాత వచ్చినది. మొట్టమొదట చేరినది గొంతు. 2020లో, 2021లో ఆసుపత్రి మంచంమీద, వేరుగా పెట్టిన గదిలో, బంధువు ముఖం చూడలేక పడుకున్న వారెందరో! వారి చెవి దగ్గర ఫోను పెట్టి ఇంటినుండి విష్ణుసహస్రనామం వినిపించిన బిడ్డలున్నారు, తండ్రికి ఇష్టమైన కీర్తన పాడిన కుమార్తెలున్నారు. దగ్గరకు పోకూడదు, కానీ విడిచిపెట్టకూడదు. ఈ రెండింటి నడుమ హనుమ నేర్పిన మార్గమే వారు అనుసరించినారు.

ఒంటరి చెరసాల

మన గోదావరి తీరానికే చెందిన మరొక మహాభక్తుని తలచుకుందాము. కంచర్ల గోపన్న, మన భక్త రామదాసు. పదిహేడవ శతాబ్దంలో భద్రాద్రి రామునికి కోవెల కట్టించిన అపరాధానికి గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు చెరసాలలో ఉన్నాడని మన చరిత్ర చెబుతుంది. అక్కడ ఆయనకు తాళం వేసేవాడు లేడు, వంత పాడేవాడు లేడు, వినేవాడు కూడా లేడు. రాతిగోడలే శ్రోతలు. ఆ ఏకాంతంలో ఆయన రామునితో మొరపెట్టుకున్నాడు, అలిగినాడు, నిష్ఠూరాలాడినాడు, మళ్ళీ శరణన్నాడు. ఈనాడు మన భజనలలో పదిమంది కంఠమెత్తి ఎక్కువగా పాడేది ఎవరి పాటలు? ఆ ఒంటరివాని పాటలే! ఏకాంతంలో చిత్తశుద్ధితో పాడినది ఎన్నడూ ఏకాంతంలో మిగిలిపోదు. కాలువకు తూము ఎత్తితే నీరు చేలకు చేరినట్లు అది జనానికి చేరి తీరుతుంది.

గడప దాటని భజన

ఆ రోజులలో ఒక పెద్దావిడ నాకు ఫోను చేసి ఇట్లా అడిగినది: "పంతులుగారూ, మనవడు ఫోనులో అందరినీ కలిపాడండి. ఎవరింట్లో వాళ్ళం తలుపేసుకుని పాడుకున్నాం. దీన్ని భజన అంటారాండీ? స్వామికి చేరుతుందంటారా?"

ఆమె అడిగినది చిన్న ప్రశ్న కాదు. ఫోనులో, కంప్యూటరులో కూడి పాడినవారికి ఒక చిక్కు తెలుసు. ఒక చోట పాడిన మాట మరొక చోటికి చేరడానికి రవంత ఆలస్యమవుతుంది. సెకనులో నూరింట మూడు నాలుగు వంతుల తేడా వచ్చినా తాళం కుదరదు. మరి దూరదేశాల నడుమ ఆ తేడా ఇంకా ఎక్కువ. అందరూ ఒకేసారి పాడితే గందరగోళం తప్ప మరేమీ వినబడదు. అందుచేత ఏమి చేసినారు? ఒకరు మాత్రం పాడాలి, మిగిలినవారు తమ ధ్వనిని ఆపుకొని ఇంట్లోనే వంత పలకాలి. అనగా రాజమహేంద్రవరంలో ఉన్న నాయకుడు పల్లవి అంటాడు. అమలాపురంలో ఒకరు, భీమవరంలో ఒకరు, అమెరికాలో ఉన్న వారి బిడ్డ ఒకరు, ఎవరికి వారు బదులు పలుకుతారు. ఆ బదులు నాయకునికి వినబడదు. ప్రక్కవారికీ వినబడదు. తన వంత తనకొక్కరికే వినబడుతుంది.

అప్పుడు నేను ఆమెకు ఇట్లా చెప్పినాను: "అమ్మా! పదిమందిలో పాడినప్పుడు మన గొంతు బాగున్నదని ఎవరైనా మెచ్చుకుంటారేమోనన్న ఆశ ఒక మూల ఉంటుంది. ఇప్పుడు మీ గొంతు వినేవారు ఇద్దరే. ఒకరు మీరు, రెండవవారు స్వామి. ఇంతకంటె శుద్ధమైన భజన ఎక్కడున్నది?"

నిజమే, ఆ భజనలో లోపమున్నది. ప్రక్కవాని భుజం తగలదు, చిడతల జోరు లేదు, ప్రసాదం చేతికి రాదు. లోపం లేదని నేననను. అయినా ఆ లోపాన్ని భరించినవారు ఒక ధర్మాన్ని కాపాడినారు. ఎట్లనగా, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 మార్చి 10న ఒక గాయక బృందం ఎప్పటివలె సాధనకు కూడినది. వచ్చినవారు 61 మంది. పాడినది రెండున్నర గంటలు. వారిలో 53 మంది వ్యాధి పాలైనట్లు గుర్తించినారు, ఇద్దరు ప్రాణాలు కోల్పోయినారు. వారేమీ దుష్కార్యం చేయలేదు, పాట పాడినారు. గొంతెత్తి పాడినప్పుడు వెలువడే శ్వాసలోనే వ్యాధి ప్రయాణిస్తుందని అప్పటికి లోకానికి బాగా తెలియదు. తెలిసిన తరువాత కూడా, నా భక్తి నాది అని గుంపులో పాడితే అది పరహింస అవుతుంది. మార్చి 22 సాయంత్రం కొన్నిచోట్ల జనం పళ్ళాలు పట్టుకొని వీధులలో గుంపులు కట్టినారు. ఉత్సాహం మంచిదే, వివేకం తోడుకాలేదు. ప్రక్కింటి ముసలితల్లి క్షేమం కోరి తన భజనను గడప లోపలే నిలిపినవాడు, ఆ రోజులలో, గుడిలో నిలబడి పాడినవానికంటె స్వామికి దగ్గరివాడు.

దేశంలోని గాయకులూ ఈ ధర్మాన్నే పాటించినారు. ఏప్రిల్ 10, 11, 12 తేదీలలో సంగీత సేతు పేరిట ప్రముఖ గాయకులు ఎవరి ఇంట వారుండి పాడగా దేశమంతా ఇళ్ళలో కూర్చొని విన్నది. ఏప్రిల్ 18న ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో అనేక దేశాల గాయకులు తమ ఇళ్ళనుండే పాడిన కార్యక్రమం వ్యాధి నివారణ కార్యాలకు 12 కోట్ల డాలర్లకు పైగా నిధులు సమకూర్చినది. మన కొవ్వూరులో జన్మించిన సంగీత దర్శకులు కీరవాణిగారు తమ పాత పాట వరుసలోనే జాగ్రత్తలు చెప్పే మాటలు కూర్చి స్వయంగా పాడి వినిపించినారు.

ప్రార్థన ఫలించలేదా?

ఇప్పుడు అన్నిటికంటె కఠినమైన ప్రశ్నకు వద్దాము.

ఆ సంగీత సేతువులో పాడినవారిలో మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు ఒకరు. ఆయన తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో హరికథా భాగవతులు. హరికథ విని పెరిగిన ఆ గొంతే అన్నమయ్య చిత్రంలో, శ్రీరామదాసు చిత్రంలో మనచేత కన్నీరు పెట్టించినది. 2020 ఆగస్టు 5న ఆయన ఈ వ్యాధితో చెన్నైలోని ఆసుపత్రిలో చేరినారు. రోజురోజుకూ పరిస్థితి విషమించినది. ఆగస్టు 20 సాయంత్రం 6 గంటలకు, ఎక్కడివారక్కడ, ఆయన పాట పెట్టుకొని ప్రార్థన చేయాలని సంగీత, చలనచిత్ర రంగాలవారు పిలుపునిచ్చినారు. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు, విదేశాలలో ఉన్న మనవారు, కులమతాలు ఎంచకుండా ఆ వేళకు కూర్చున్నారు. వ్యాధి మనుషులను విడదీసిన ఆ రోజులలో ఒక గొంతు కోసం ఇన్ని గొంతులు ఒకటైనవి.

సెప్టెంబరు 25న ఆయన స్వర్గస్థులైనారు.

అప్పుడు ఎందరో అడిగినారు: కోట్లమంది ప్రార్థించినా స్వామి వినలేదా? ఆ ప్రశ్న ఒక్క గాయకుని గురించి కాదు. 2021 వేసవిలో రెండవ ఉప్పెన వచ్చినప్పుడు, అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా రాష్ట్రంలోకెల్లా ఎక్కువ కేసులు నమోదైన జిల్లాగా నిలిచినది. రాష్ట్రం మొత్తంమీద అధికార లెక్కల ప్రకారమే 14 వేలకు పైగా ప్రాణాలు పోయినవి. ఈ సభలో కూర్చున్న మీలో ఎవరి ఇంట ఏ దీపం ఆరినదో నాకు తెలియదు. ఆ ఇంటివారు కూడా దీపం పెట్టి నామం చెప్పినవారే. భజన సమాజంలో మృదంగం వాయించినవాని చివరి ప్రయాణానికి మృదంగం మ్రోగలేదు. నలుగురు మోసి, నామం చెప్పుతూ రేవుకు తీసుకుపోయే భాగ్యం ఎందరికో దక్కలేదు. వారందరి తరఫున ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉన్నది.

సమాధానం ఈ సప్తాహంలోనే ఉన్నది. సప్తాహమంటే ఏడు రోజులు. ఏడు రోజులే ఎందుకు? పరీక్షిన్మహారాజుకు శాపం తగిలినది. ఏడవనాడు తక్షకుడు కాటు వేస్తాడని తెలిసినది. ఆయన గంగ ఒడ్డున కూర్చొని శుకమహర్షి నోట భాగవతం విన్నాడు. ఏడు రోజులు విన్నాడు. ఏడవనాడు ఏమైనది? తక్షకుడు రాలేదా? వచ్చినాడు. కాటు వేయలేదా? వేసినాడు. రాజు శరీరం భస్మమైనది. భాగవతం వింటే తక్షకుడు రాడని శుకుడు ఎక్కడా చెప్పలేదు, పరీక్షిత్తు అడగలేదు. ఏడు రోజుల శ్రవణం చివర ఆ రాజు అన్నది ఒక్కటే: తక్షకునికి గాని, మరి ఏ మృత్యువుకు గాని నేనిప్పుడు భయపడడం లేదని. మృత్యువు వచ్చేసరికి భయం వెళ్ళిపోయి ఉన్నది. అదే సప్తాహ ఫలము.

ఇంకొక సంగతి గమనించండి. ఆ గంగ ఒడ్డున పరీక్షిత్తు ఒంటరిగా లేడు. ఎక్కడెక్కడి ఋషులో వచ్చి ఆయన చుట్టూ కూర్చున్నారు. వారికెవరికీ శాపం లేదు. లేచి వెళ్ళిపోవచ్చు. అయినా ఏడు రోజులూ కూర్చున్నారు. చనిపోనున్నవానిని విడిచి వెళ్ళకుండా అతనితోపాటు వినడం, ఇదే సత్సంగము. ఆగస్టు 20 సాయంత్రం జనం చేసినది అదే. ప్రార్థన సరుకు కొని సొమ్ము ఇచ్చే వ్యాపారం కాదు, ఇన్ని గొంతులకు ఇన్ని ప్రాణాలని లెక్క కట్టడానికి. మేమున్నాము, నిన్ను విడిచిపెట్టలేదు అని చెప్పడమే దాని స్వరూపము. ఆ మాట చెప్పినవారి గుండెలోని భయం కూడా కొంత తగ్గుతుంది. దుఃఖం తగ్గిందా అంటే, తగ్గలేదు. దుఃఖం మోయడానికి తోడు దొరికినది.

మనమీద మిగిలిన ఋణము

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. గుడులు తెరుచుకున్నవి. పెళ్ళిళ్ళు, జాతరలు మళ్ళీ మొదలైనవి. అయితే ఒక ఋణం మనమీద మిగిలి ఉన్నది.

మన డెల్టాలో సన్నాయి, డోలు వాయించే మంగళవాద్య కళాకారులున్నారు. హరికథకులు, బుర్రకథవారు, గరగలెత్తి ఆడేవారు, డప్పు కొట్టేవారు ఉన్నారు. వీరికి నెలజీతం లేదు. చైత్ర, వైశాఖాలలో పెళ్ళిళ్ళు, నవమి పందిళ్ళు, జాతరలు, వీటి సంపాదనతోనే సంవత్సరమంతా గడవాలి. 2020లోను, 2021లోను సరిగ్గా ఆ మాసాలలోనే అన్నీ ఆగిపోయినవి. వరుసగా రెండేళ్ళు పొయ్యి ఎట్లా వెలిగినదో వారికే తెలియాలి. మన ధైర్యం కోసం లోకమంతా పాటను ఆశ్రయించిన రోజులలోనే పాటనే నమ్ముకున్నవాడు పస్తున్నాడు. ఇది మనం మరువకూడని సత్యము.

కనుక ఈ సప్తాహంలో నాతోపాటు మూడు సంకల్పాలు చేయండి.

మొదటిది: మీ ఇంట శుభకార్యం జరిగినప్పుడు యంత్రంలో పెట్టిన సన్నాయితో సరిపెట్టవద్దు. మీ ఊరి సన్నాయి మేళాన్ని పిలవండి. నవమి పందిరిలో ఒక్కనాడైనా హరికథ చెప్పించండి. సంభావన తాంబూలంలో పెట్టి ఆ రోజే ఇవ్వండి, పది రోజులు త్రిప్పవద్దు.

రెండవది: రామాలయంలో వారానికొక రోజు భజన నిలబెట్టండి. గొంతు లేనివారు వినడానికి రండి, శ్రవణమే మొదటి భక్తి అని చెప్పుకున్నాము. ప్రతి ఇంటినుండి ఒక బిడ్డ చేతికి తాళాలు ఇవ్వండి. ఆ రెండేళ్ళలో మనం కోల్పోయిన పెద్దల నోట ఎన్నో పాత వరుసలు ఉండేవి. కొన్ని వారితోనే పోయినవి. ఉన్నవారి దగ్గర ఉన్నవైనా పిల్లలు నేర్చుకోవాలి.

మూడవది: మంచం పట్టినవారిని, గుడికి రాలేని వృద్ధులను, ఒంటరిగా ఉన్నవారిని మరువకండి. అప్పుడు మనం వాడిన ఫోను ఇంకా మన చేతిలోనే ఉన్నది. భజన జరిగేటప్పుడు వారికి వినిపించండి. మహమ్మారి వెళ్ళిపోయినది గాని, ఒంటరితనం వెళ్ళిపోలేదు. అశోకవనంలో చెట్టు మీద నుండి వినబడిన గొంతు ఈనాటికీ ఎవరికో కావలసి ఉన్నది.

ధవళేశ్వరం వద్ద గోదావరి నీరు మూడు డెల్టాలకు చీలుతుంది. అక్కడినుండి ఎన్నో కాలువలు, ఎన్నో బోదెలు. మండపేట చేను నరసాపురం చేనును ఎన్నడూ చూడదు. రెండూ త్రాగేది ఒకే నది నీరు. మనమూ ఎవరి గట్టున వారుంటాము. త్రాగే నామం ఒకటి కావాలి.

ఈ ఏడు రోజులు మీరు చెప్పబోయే నామంలో, ఆ రెండేళ్ళలో నామం వినకుండా వెళ్ళిపోయిన ప్రతి ప్రాణికీ ఒక పాలు ఉన్నదని భావించండి. వారి పేర్లు మనస్సులో తలచుకొని మొదటి తాళం వేయండి.

సర్వులకు ఆయురారోగ్యాలు కలుగుగాక. పంటలు పండుగాక. పాట నిలుచుగాక.

శ్రీ సీతారామచంద్రార్పణమస్తు. స్వస్తి.